హార్నడే పటం పిల్లల గ్రంథాలయం గోడ మీద ఉండవచ్చా?

వేళచ్చేరి బాటసారి:
మా అపార్ట్‌మెంటులోని పిల్లల గ్రంథాలయంలో, వన్యప్రాణుల రక్షణకు తొలినాళ్లలో పాటుపడినవారి పటాలు పెడుతున్నాము. విలియం హార్నడే పటం విషయంలో మా కమిటీ రెండుగా చీలింది. ఉండాలన్నది నా వాదన. కోట్ల సంఖ్యలో తిరిగిన అమెరికా అడవిదున్నలు వెయ్యి పైచిలుకు మాత్రమే మిగిలాయని 1889లో లెక్కగట్టి చెప్పినవాడు, న్యూయార్కులోని బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలను 1896 నుంచి 1926 దాకా నడిపినవాడు, అక్కడి 15 దున్నలను 1907లో రైలెక్కించి ఓక్లహామా గడ్డినేలలకు చేర్పించినవాడు ఆయనే. అదే జంతుశాలలో 1906 సెప్టెంబరులో ఓటా బెంగా అనే కాంగో యువకుణ్ణి కోతుల భవనంలో ప్రదర్శనకు పెట్టిన మాట కూడా నిజమే. ఆ ఒక్క నెలను చూపించి ఎనభై ఏళ్ల జీవితాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు.

పాత పుస్తకాల అంగడి:
ఆయన 1877లో మన ఆనమలై అడవులకు వచ్చి, అమెరికా మ్యూజియంల కోసం ఏనుగులను, అడవిదున్నలను, ఒక పెద్దపులిని కాల్చిన సంగతి మీ పటంలో ఉంటుందా? దున్నలు అంతరించిపోతున్నాయని తెలిసిన తరువాత కూడా 1886లో మోంటానా వెళ్లి, మిగిలిన వాటిలోనే రెండు డజన్ల దాకా చంపించి, ఆరింటి తోళ్లను స్మిత్‌సోనియన్ మ్యూజియంలో బొమ్మలుగా నిలబెట్టాడు. రక్షకుడు అని రాసేముందు వేటగాడు అని రాయండి.

అడయార్ టీచరు:
ఆ కాలపు ప్రకృతి శాస్త్రజ్ఞులలో చాలామంది తుపాకి పట్టినవారే. ఇక్కడ తేలవలసింది ఓటా బెంగా సంగతి కదండీ.

పాత పుస్తకాల అంగడి:
ఆనమలై సంగతి మనకు దగ్గరిది. దానిని ఎందుకు పక్కన పెట్టాలి?

వేళచ్చేరి బాటసారి:
టీచరు గారూ, ఒక్క మాట సరిచూసుకుందాము. మా కమిటీ సభ్యులు "బోనులో బంధించాడు" అంటున్నారు. ఓటా బెంగాను 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శన కోసం అమెరికాకు తెచ్చింది వర్నర్ అనే మనిషి. జంతుశాలలో వదిలి వెళ్లిందీ ఆయనే. మొదటి రోజుల్లో ఓటా బెంగా ఆవరణ అంతా తిరిగాడు, జంతువులను చూసుకునేవారికి సాయం చేశాడు. అందువల్ల "బంధించాడు" అనే మాట సరికాదు.

అడయార్ టీచరు:
ఆ బోను ముందు ఒక బోర్డు పెట్టారు. అందులో అతని ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలని, బరువు 103 పౌండ్లని, సెప్టెంబరులో రోజూ మధ్యాహ్నం ప్రదర్శన ఉంటుందని రాశారు. సాయం చేయడానికి వచ్చిన మనిషి ఎత్తు, బరువు రాసి ఎవరైనా బోర్డు పెడతారా? లోపల అతనికి తోడుగా ఒరాంగుటాన్‌ను ఉంచారు. బ్రూక్లిన్‌లోని నల్లజాతి అనాథాశ్రమం నడిపే జేమ్స్ గార్డన్ అనే మతగురువు, తోటి మతగురువులతో కలిసి నిలదీస్తే తప్ప అది ఆగలేదు.

వేళచ్చేరి బాటసారి:
బోర్డు తప్పే. కానీ నేను అడుగుతున్నది తాళం గురించి. తలుపుకు తాళం పడిందా లేదా, పడితే ఎన్ని రోజులు పడింది?

పులికాట్ ఒడ్డు:
బాటసారి గారూ, మీరు మూడోసారి తాళం దగ్గరే ఆగిపోతారేమోనని ఇది రాస్తున్నాను. మేము యానాదులము. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక ప్రకృతి ప్రేమికుల బృందం ఫ్లెమింగోలను చూడడానికి మా ఊరి ఒడ్డుకు వచ్చింది. పొలం గట్టు మీద ఎలుక బొరియ తవ్వుతున్న మా అవ్వను ఫొటో తీసుకుని వెళ్లారు. ఆ తరువాతి ఏడు చెన్నైలో ఒక హాలులో వాళ్ల ప్రదర్శన చూడడానికి మా మాస్టారు నన్ను తీసుకువచ్చారు. ఫ్లెమింగో ఫొటో కింద దాని శాస్త్రీయ నామం ఉంది, గూడబాతు కింద దాని శాస్త్రీయ నామం ఉంది. వాటి నడుమ మా అవ్వ ఫొటో కింద "సరస్సు తీరపు ఆదివాసి" అని మాత్రమే ఉంది. ఆమెకు ఏ తాళమూ వేయలేదు. నేను ఆ హాలులో ఎవరికీ చెప్పలేకపోయాను, ఈమె మా అవ్వ అని.

అడయార్ టీచరు:
చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

వేళచ్చేరి బాటసారి:
మీ బాధను తక్కువ చేయడం లేదు. కానీ దానికీ హార్నడేకూ ముడిపెట్టి, ఆయన పటం పెట్టాలంటున్న నన్ను కూడా ఆ గుంపులో కలిపేయడం భావ్యం కాదు. బ్రాంక్స్ జంతుశాలను నడిపే సంస్థ 2020లో బహిరంగంగా క్షమాపణ చెప్పింది. ఇంకా ఏం చేయాలి?

పులికాట్ ఒడ్డు:
ఓటా బెంగా 1916 మార్చి 20న వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో తుపాకితో కాల్చుకుని చనిపోయాడు. ఆ క్షమాపణ వినడానికి అతడు లేడు. ఆ "ఒక్క నెల" అన్నారు మీరు. 1913లో హార్నడే వన్యప్రాణుల వినాశనం గురించి పెద్ద పుస్తకం రాశాడు. అందులో పాటలు పాడే పిట్టలను చంపేవారెవరని చెప్పడానికి ఇటలీ నుంచి వలస వచ్చిన కూలీలను, దక్షిణాదిలోని నల్లవారిని, పేద తెల్లవారిని వేలెత్తి చూపించాడు. కూటి కోసం పిట్టను పట్టినవాడు నేరస్థుడు, మ్యూజియం కోసం ఏనుగును కాల్చినవాడు రక్షకుడు. మా వాళ్లు ఇప్పటికీ ఉడుమును పట్టారని తిట్లు తింటున్నది ఈ చూపు వల్లనే.

వేళచ్చేరి బాటసారి:
అదే పుస్తకంలో ధనవంతులైన వేటగాళ్లను, ఒకేసారి ఎన్నో తూటాలు పేల్చే తుపాకులను, టోపీలకు ఈకలు అమ్మే వ్యాపారులను కూడా ఆయన విడిచిపెట్టలేదు. ఇక్కడ దాచకుండా చెబుతాను. 2015 డిసెంబరులో మా కింది అంతస్తు ఇల్లు నడుము లోతు నీళ్లలో మునిగింది. మా అమ్మను మంచంతో సహా పైకి మోసుకుపోయాము. మా పక్కనే ఉన్న పళ్లికరణై చిత్తడి నేలను పూడ్చుకుంటూ వచ్చినందుకు మేము చెల్లించిన వెల అది. 2022లో దానికి రామ్‌సర్ గుర్తింపు (ముఖ్యమైన చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చినా, దాని హద్దుల కోసం ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాను. సంరక్షణ అనే మాటకే మచ్చ ఉందని పిల్లలకు చెబితే, రేపు ఆ నేల కోసం ఎవరు నిలబడతారు? నా భయం ఇది. తాళం గురించి అంతగా పట్టుపట్టింది కూడా ఈ భయంతోనే.

పులికాట్ ఒడ్డు:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే బాగుండేది. ఆ నేల కోసం మేమూ నిలబడతాము. సరస్సు ఎండితే ముందు పస్తులుండేది మేమే. కానీ మమ్మల్ని ఫొటోగా నిలబెట్టి, ఆ తరువాత మా దగ్గరకే వచ్చి కాపాడండి అంటే ఎలా?

వేళచ్చేరి బాటసారి:
సరే. పటం తీయను, కానీ పక్కన అంతే పరిమాణంలో ఓటా బెంగా పటం కూడా పెడతాను. ఇది మీకు సమ్మతమేనా?

పులికాట్ ఒడ్డు:
వద్దు. నేను చూసిన అతని ఫొటోలు చూడడానికి వచ్చినవారి కోసం తీసినవే. వాటిలో ఒకదానిని హార్నడే పక్కన తగిలిస్తే, ఆ జంతుశాలలో మళ్లీ నిలబెట్టినట్లే అవుతుంది. పేరు రాయండి, ఊరు రాయండి, చనిపోయిన తేదీ రాయండి. బొమ్మ మాత్రం పెట్టకండి.

వేళచ్చేరి బాటసారి:
ఈ ఆదివారం కమిటీ ముందు మీ మాటలే చదువుతాను. హార్నడే పటం ఉండాలన్న నా అభిప్రాయం మారలేదు. దాని కింది వాక్యాలు మాత్రం మొదటి నుంచి తిరిగి రాస్తున్నాను.

పాత పుస్తకాల అంగడి:
ఆ వాక్యాలలో ఆనమలై కూడా ఉండాలి.