మా తోట పక్కనే గ్యాస్ బావి తవ్వుతారట, రిగ్గు రాకముందే ఏం అడగాలి?

రాజోలు రైతు:
నమస్తే అండి. మాది రాజోలు వైపు, సముద్రానికి దగ్గర ఊరు. కొబ్బరి తోట, దానికి దిగువన చిన్న చేపల చెరువు ఉన్నాయి. తోట పక్క చేనుని ఒక చమురు సంస్థ లీజుకి తీసుకుని గ్రావెల్ తోలి మెరక చేస్తోంది. వాన నీళ్ళు మురుగు కాలువలోకి దిగే దారి ఇప్పటికే మూసుకుపోయింది. త్వరలో బావి తవ్వే రిగ్గు వస్తుందంటున్నారు. 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండడం చూసిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నారు, అందరికీ టెన్షన్‌గా ఉంది. సైటు ఇంజనీరుని అడిగితే పర్మిషన్లు అన్నీ ఉన్నాయంటారు, కాగితం మాత్రం చూపించరు. ఊళ్ళో ప్రజాభిప్రాయ సేకరణ జరగలేదు. అలా చేయొచ్చా? రేపు బోరు, చెరువు పాడైతే ఎవరిని పట్టుకోవాలి?

మామిడికుదురు:
బావి గురించే కాదండి, గ్యాస్ ఏ దారిన బయటికి వెళ్తుందో కూడా అడగండి. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పేలింది బావి కాదు, ప్రభుత్వ గ్యాస్ సంస్థ గెయిల్ వేసిన పైపులైను. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో నీళ్ళు, కండెన్సేట్ (గ్యాస్‌తో పాటు వచ్చే పల్చటి నూనె) కలిసిన గ్యాస్ వెళ్ళి లోపల తుప్పు తినేసింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. పైపు మీ తోటలోంచి వేస్తే 1962 నాటి పెట్రోలియం పైపులైన్ల చట్టం ప్రకారం భూమి మీ పేరు మీదే ఉంటుంది, కానీ ఆ మేరకు ఇల్లు కట్టకూడదు, చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. కొబ్బరి రైతుకి అది పెద్ద దెబ్బ.

రిటైర్డ్ కెమిస్ట్:
రిగ్గుల మీద డ్రిల్లింగ్ మడ్, అంటే బావి తవ్వేటప్పుడు లోపలికి పంపే బురద ద్రవం, చూసే పని చేసి రిటైరయ్యాను. ముందు అది అన్వేషణ బావో ఉత్పత్తి బావో తేల్చుకోండి. 2020 జనవరిలో కేంద్రం ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌ని సవరించి అన్వేషణని తక్కువ పరిశీలన ఉండే బీ2 కేటగిరీలోకి మార్చింది. దానికి ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. డెల్టాలో ఇది చాలా అన్యాయమని నా అభిప్రాయం. అడుగున ప్రెషర్ ఎంతుందో ముందుగా తెలియనిది అన్వేషణ బావిలోనే కదా! ఉత్పత్తికైతే 30 రోజుల ముందు నోటీసిచ్చి కలెక్టరు గారో, వారి తరఫు అధికారో కూర్చుని సభ జరపాలి. పాత అనుమతిలోనే ఈ బావిని చేర్చి ఉండొచ్చు కూడా. అనుమతి లేఖ కోసం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో వెతకండి, అందులో బావి ఉన్న చోటు సరిపోయిందో లేదో చూడండి.

అన్నిటికంటే ముఖ్యం, రిగ్గు రాకముందే బోరు నీళ్ళు, చెరువు నీళ్ళు, మట్టి పరీక్ష చేయించడం. మన దగ్గర ఉప్పుకి ముగ్గురు ముద్దాయిలు: సముద్రం, రొయ్యల చెరువులు, చమురు బావులు. బోరు ఉప్పగా మారితే ఒకరి మీద ఒకరు తోసేస్తారు. నేల మీద వదిలే వ్యర్థజలంలో లీటరుకి క్లోరైడ్లు 600 మిల్లీగ్రాములు, నూనె-గ్రీజు 10 దాటకూడదని నిబంధన ఉంది. కానీ క్లోరైడు ఒక్కటే చూస్తే దోషి ఎవరో తేలదు. మట్టిలో బేరియం కూడా చూడమనండి. మడ్ బరువు పెంచడానికి కలిపేది బెరైటీస్, అంటే మన మంగంపేట ముగ్గురాయే. అది బేరియం సల్ఫేట్. సముద్రపు నీళ్ళ వల్ల మట్టిలో బేరియం ఆ మోతాదులో పెరగదు. ముందు ఎంతుందో కాగితం మీద ఉంటేనే తర్వాత పెరిగిందని నిలదీయగలరు.

మురుగు దారి మూసిన సంగతి మాత్రం రిగ్గు వచ్చేదాకా ఆపకండి. ఫోటోలు పెట్టి తహసీల్దారుకి, డ్రైనేజీ అసిస్టెంట్ ఇంజనీరుకి ఈ రోజే రాయండి. వ్యర్థాల గుంత తవ్వినప్పుడు అడుగునా గట్లకీ నీరు ఇంకని షీటు వేశారో లేదో చూడండి. పెద్ద వానకి ఆ గుంత పొర్లితే మొదట పోయేది దిగువనున్న మీ చెరువే.

రాజోలు రైతు:
చాలా థాంక్స్ అండి. శాంపిల్ మేమే ల్యాబ్‌కి పట్టుకెళ్ళొచ్చా?

రిటైర్డ్ కెమిస్ట్:
వద్దండి, అది మీ బోరు నీళ్ళే కాదనేస్తారు. ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్ మనిషిని రప్పించి, పంచాయతీ కార్యదర్శి ఎదుట సీలు వేయించండి. నూనె-గ్రీజు శాంపిల్ గాజు సీసాలోనే తీయాలి. ప్లాస్టిక్ అయితే నూనె గోడలకి అంటుకుని లెక్క తక్కువ వస్తుంది.