కాగితం మీద లేని పూర్వీకుణ్ణి వంశవృక్షంలో చేర్చవచ్చునా?

పాత దస్త్రం:

ఒకే ఇంటిపేరు గల మా శాఖల వారందరం కలిసి వంశచరిత్రను పుస్తకంగా వేయించాలని సంకల్పించాము. సమాచారం చేతికి వచ్చిన తరువాత పెద్దల మధ్య పడిన పేచీని ఈ వేదిక ముందు ఉంచుతున్నాను. మద్రాసు ప్రభుత్వం 1858లో ఏర్పాటు చేసిన ఈనాం కమిషన్ ఊరూరి మాన్యాలను, అంటే శిస్తు లేకుండా గాని తక్కువ శిస్తుతో గాని ఇచ్చిన భూములను విచారించి తయారు చేయించిన ఫెయిర్ రిజిస్టరులో మా పూర్వీకుడొకరి పేరు ఉంది. ఆయన అప్పటి అనుభవదారు. మాన్యాన్ని మొదట పొందిన వ్యక్తి ఆయనకు తాత అవుతాడని ఆ పక్కనే రాసి ఉంది. కాగితం అక్కడితో ఆగిపోతుంది. మా ఇళ్లలో చెప్పుకునే కథ మాత్రం అంతకు మరి మూడు తరాలు వెనక్కి వెళ్లి, కరువుకు తాళలేక పల్నాటి నుంచి వలస వచ్చిన ముగ్గురు అన్నదమ్ములతో మొదలవుతుంది.

ఆ ముగ్గురినీ వృక్షంలోకి ఎక్కించాలని పెద్దల పట్టు. కూడదని నా అభిప్రాయం. వంశవృక్షమంటే ఫలానావారు ఫలానావారి బిడ్డ అని తేల్చి చెప్పడం. తేల్చడానికి ఆధారం చూపలేని చోట గీత గీయకూడదు. పైగా ముగ్గురు అన్నదమ్ములు బయలుదేరి మూడు ఊళ్లలో స్థిరపడ్డారన్న ఇదే కథను, మాతో ఏ సంబంధమూ లేని ఇతర ఇంటిపేర్ల వారి నోట కూడా విన్నాను. అందరి ఇళ్లలోనూ ఉన్న కథ మా ఇంటి చరిత్ర ఎలా అవుతుంది? ఇప్పుడు అచ్చులోకి ఎక్కితే, రేపు మా మనుమలు దానినే రుజువుగా చూపిస్తారు.

గుండ్లకమ్మ:

దస్త్రం గారూ, మీరు చెప్పిన నియమం మాన్యం ఉన్న ఇంటికి సరిపోతుంది. మా తాతముత్తాతలు ఒంగోలు తాలూకాలో ఒకరి పొలంలో పాలేర్లుగా బతికినవారు. ఈనాం రిజిస్టరులో గాని, అడంగల్‌లో గాని వారి పేర్లు ఉండే అవకాశమే లేదు. ఎందుకంటే ఆ పుస్తకాలన్నీ భూమి ఎవరిది, శిస్తు ఎవరు కట్టాలి అన్నది తేల్చుకోవడానికి రాసినవే తప్ప, ఊరిలో ఎవరెవరు బతికారో చెప్పడానికి రాసినవి కావు.

మాకు దొరికిన మొట్టమొదటి కాగితం చర్చి వారి బాప్తిస్మపు రిజిస్టరు. 1876-78 నాటి ధాత కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం పనిలో వేలమందికి కూలి చూపించిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఇ. క్లౌ ఆధ్వర్యంలో, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఏడాది చేరినవారిలో మా ముత్తాత తండ్రి ఒకరు. ఆయన పేరు, ఊరు ఒక వరుసలో ఉన్నాయి. మీ నియమం ప్రకారం మా వంశం ఆ వరుసతోనే మొదలు కావాలి. ఆయనను కన్న తల్లిదండ్రులు మాకు లేనట్టేనా?

జనాభా లెక్కలలో వెదకమని కొందరు సలహా ఇస్తూ ఉంటారు. 1948 నాటి జనగణన చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం మన దేశంలో ఇంటింటి వివరాలను ఎవరూ చూడడానికి వీలు లేదు. ఇంగ్లండులో వందేళ్లు దాటిన లెక్కలను తెరిచినట్టుగా ఇక్కడ తెరిచే ఏర్పాటు లేదు. కాబట్టి ఆ దారీ మూసుకుపోయింది.

మిగిలింది మా మేనత్త జ్ఞాపకం. ఆమె అయిదు తరాల పేర్లు, ఎవరు ఏ ఊరి పిల్లను చేసుకున్నారో, ఏ ఆడపడుచును ఎక్కడికి ఇచ్చారో తడుముకోకుండా చెబుతుంది. దానిని కాలక్షేపపు కథగా తీసివేయడం అన్యాయం. మేనరికం కుదురుతుందా, వరుస తప్పుతుందా అన్నది ప్రతి పెళ్లి సంబంధంలోనూ తేల్చుకోవలసి వచ్చేది. తాను చెప్పిన వరుసలో తప్పుంటే అవతలి ఇంటి పెద్దలు అక్కడికక్కడే పట్టుకునేవారు. తరతరానా నలుగురిలో అలా సరిచూసుకుంటూ వచ్చిన జ్ఞాపకం అది. ఒక గుమాస్తా ఒక్కసారి రాసి మూసేసిన పుస్తకానికి ఆ పరీక్ష ఎప్పుడు జరిగింది?

మానుకోట:

తెలంగాణ సంగతి కొంత కలపవలసి ఉన్నది. మా వైపు కుటుంబ చరిత్ర వెదికేవారికి ముందుగా ఎదురయ్యేవి సేత్వార్, వసూల్ బాకీ అనే భూమి దస్త్రాలు, ఆ తరువాత 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే సాగు లెక్క. నిజాం కాలపు దస్త్రాలు ఉర్దూలో ఉంటాయి. ఆ లిపిలో హ్రస్వాచ్చులను సాధారణంగా రాయరు కాబట్టి, గొలుసుకట్టు రాతలో ఉన్న ఒక తెలుగు పేరును ఇద్దరు చదివితే రెండు పేర్లు కావచ్చు. సంవత్సరాలు శిస్తు లెక్కలకు వాడే ఫసలీ శకంలో ఉంటాయి. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే ఇంచుమించుగా క్రీస్తు శకం వస్తుంది. ఇదంతా దాటిన తరువాత కనబడేది పట్టాదారు పేరు. నాగలి పట్టినవారి పేరు కొంతలో కొంత ఖాస్రా పహాణీలోని సాగుదారు గడిలో దొరుకుతుంది.

అయితే గుండ్లకమ్మ గారు చెప్పిన జ్ఞాపకాన్ని ఇంటి ఆడవాళ్లే కాక, వృత్తిగా మోసినవారు కూడా మనకు ఉన్నారు. రెడ్లకు గోత్రాలు, ఇంటిపేర్లు చెప్పే పిచ్చకుంట్లవారు, మాదిగలకు డక్కలివారు, పద్మశాలీలకు కూనపులివారు ఇటువంటివారే. వీరు ఊళ్లను తమలో తాము పంచుకుని, ఆ హక్కుకు నిదర్శనంగా రాగిరేకులు చూపిస్తారు. పంటలు ఇంటికి వచ్చిన కాలంలో వచ్చి, ఇంటి యజమాని ముందు ఆయన పూర్వుల పేర్లు వరుసగా చదివి తమ కట్నం తీసుకుంటారు. పుట్టిన బిడ్డల పేర్లు అడిగి తెలుసుకుని మరుసటి రాకకు వరుసలో కలుపుకుంటారు. ఇది రికార్డు కాదని ఏ ప్రమాణంతో అనగలం? ఆ పెద్దమనుషులు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు, పిల్లలు హైదరాబాదులో వేరే పనులు చూసుకున్నారు. ముందు వారి దగ్గర కూర్చుని రికార్డు చేసుకోండి. తప్పొప్పుల వాదన తరువాతనైనా చేసుకోవచ్చు.

పాత దస్త్రం:

మానుకోట గారి చివరి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రికార్డు చేయడం తక్షణ అవసరం. అయితే రికార్డు చేయడం వేరు, నమ్మడం వేరు. కట్నం ఇచ్చే యజమాని ముందు నిలబడి చదివే వంశావళిలో పూర్వులందరూ దాతలూ శూరులూ అయి ఉండటం సహజం. అప్పులపాలై ఊరు విడిచినవాడు, జైలుకు వెళ్లినవాడు, బిడ్డలు లేక దత్తత తెచ్చుకున్నవాడు ఆ వరుసలో నిలవడం కష్టం. గుండ్లకమ్మ గారి మేనత్త జ్ఞాపకానికి పెళ్లి సంబంధాల పరీక్ష ఉన్నదన్న వాదన బలమైనదే. అయినా ఆ పరీక్షకు అవసరమైనది మూడు నాలుగు తరాల వరకే. మా ముగ్గురు అన్నదమ్ములు ఆ హద్దుకు చాలా అవతల ఉన్నారు.

డర్బన్ మనుమరాలు:

ఈ చర్చలో ఒక వింతను గమనించమని కోరుతున్నాను. ఊళ్లో ఉండిపోయిన కూలి మనిషికి కాగితం లేదు. ఊరు విడిచి ఓడ ఎక్కిన కూలి మనిషికి, మాన్యందారులకు కూడా లేనంత కాగితం ఉంది.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరినప్పటి నుంచి 1911 వరకు, ఒప్పందపు కూలీలుగా ఆ నగరమున్న నేటాల్ ప్రాంతానికి వచ్చినవారు 1,52,184 మంది. వీరిలో ఎక్కువమంది మద్రాసు నుంచి ఓడ ఎక్కినవారే. ఓడల జాబితాలలో ప్రతి మనిషికీ ఒక నెంబరు ఉంటుంది. ఆ నెంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటి మీద గుర్తులు ఉంటాయి. మా పూర్వీకురాలి వరుసలో ఎడమ మోకాలి మీద మచ్చ అని ఉంది. మా ఇంట్లో ఆమె ఫోటో లేదు, ఆమె మాటలు గుర్తున్నవారు లేరు. ఆమె శరీరం గురించి మాకు తెలిసింది ఆ మచ్చ, ఆ ఎత్తు, అంతే. ఇక్కడ క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుథులి డాక్యుమెంటేషన్ సెంటరులో ఈ జాబితాలు చూడవచ్చు. మారిషస్ తెలుగువారికి మోకా అనే ఊరిలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో, ఫిజీ వారికి సువలోని జాతీయ పురాభిలేఖాగారంలో ఇటువంటి దస్త్రాలే ఉన్నాయి.

ఇంత కాగితం ఉండీ ఇల్లు దొరకడం ఎంత కష్టమో వినండి. మా జాబితాలో జిల్లా గంజాం అని ఉంది. అది చూసి మా నాన్నగారు ఒడిశాలో ఊళ్లన్నీ వాకబు చేయించారు. ఆ రోజుల్లో చికాకోలు, అంటే నేటి శ్రీకాకుళం, గంజాం జిల్లాలోనిది. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు ఆ తెలుగు తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాయి. నార్త్ ఆర్కాట్ అని ఉన్నవారిలో కొందరి ఊళ్లు 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో ఉన్నాయి. గుండ్లకమ్మ గారి ఒంగోలు తాలూకా 1904 వరకు నెల్లూరు జిల్లాలోనిదే. పైగా గ్రామం పేరు మా పూర్వీకురాలు పలికిన తీరులో కాక, ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినబడిన తీరులో ఉంటుంది.

చివరకు మాకు దారి చూపినది కాగితం కాదు, ఒక పాట. మా అమ్మమ్మ బిడ్డలను నిద్రపుచ్చుతూ పాడే ఆ పాటలో ఒక చెరువు పేరు, ఒక అమ్మవారి పేరు వస్తాయి. అర్థం తెలియకుండానే మేము దానిని నేర్చుకున్నాము. ఆ రెండు పేర్లూ ఉన్న ఊరినీ, జాబితాలోని వంకర స్పెల్లింగునూ పక్కపక్కన పెట్టినప్పుడే గ్రామం తేలింది. జాబితా లేకపోతే పాట గాలిలో ఉండేది, పాట లేకపోతే జాబితా మమ్మల్ని ఒడిశాలోనే తిప్పేది. అందుచేత దస్త్రం గారూ, కాగితం ఆగిన చోట వెదకడం కూడా ఆపవద్దని నా మనవి. పల్నాటిలో ఆ ఇంటిపేరు ఏ ఊళ్లో ఉన్నదో ఎవరైనా వెళ్లి అడిగారా?

ఏలూరు పాఠకురాలు:

ఈనాం రిజిస్టరు, పహాణీ, వంశావళి చదివేవారు, ఇన్ని చెప్పుకున్నాము. వీటిలో తల్లుల పేర్లు ఎక్కడ? భర్త పోయి మాన్యం ఆమె పేర మిగిలితే తప్ప రిజిస్టరులోకి స్త్రీ రావడం అరుదు. ఓడ ఎక్కిన ఆడమనిషికి మాత్రం తన నెంబరు, తన పేరు, తన తండ్రి పేరు ఉన్నాయి. దస్త్రం గారి పుస్తకంలో భార్యల పేర్లు వేస్తున్నారా, లేక చెట్టు నిండా మగవారేనా? కాగితమే ఆధారమంటే ముందుగా రాలిపోయేది వారే.

గుండ్లకమ్మ:

ఏలూరు వారి ప్రశ్నకు దస్త్రం గారి జవాబు కోసం నేనూ ఎదురుచూస్తున్నాను. ఈలోగా ఈనాం రిజిస్టరు గురించి ఒక మాట చెప్పాలి. అందులో రాసిన బంధుత్వం ఎక్కడి నుంచి వచ్చింది? అనుభవదారు వచ్చి చెప్పుకున్నదాన్ని కరణం లెక్కలతో సరిచూసి రాసుకున్నారు. నేరుగా వారసులు లేకపోతే మాన్యం సర్కారుకు పోతుందన్న భయం ఉన్న రోజులవి. తాత పొందిన మాన్యం మనుమడికి వచ్చిందని చెప్పుకోవడం వల్ల అతనికి భూమి నిలుస్తుంది. తమ్ముడి మనుమడు తన మనుమడయ్యాడేమో, దత్తత వచ్చినవాడు ఔరసుడయ్యాడేమో కాగితం చెప్పదు. కట్నం కోసం పొగిడే డక్కలిని అనుమానించినవారు, భూమి కోసం చెప్పే మాన్యందారును ఎందుకు అనుమానించరు?

కంపెనీ కాలపు సర్వేయరు మెకంజీ దొర కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులూ వారి మనుషులూ ఊరూరా సేకరించిన కైఫీయతులను, అంటే ఊళ్ల చరిత్రలను, ఈ రోజు మనం రికార్డులంటున్నాము. వాటిలో చాలా భాగం కరణాలు దాచిన పాత ఊరి లెక్కల పుస్తకాలైన దండకవిలెలతో పాటు ఊరి పెద్దలు నోటితో చెప్పిన మాటలే. రెండు వందల ఏళ్ల కిందట ఎవరో విని రాసుకున్నారు కాబట్టి అది ఆధారమైంది. మా మేనత్త మాటను ఈ రోజు నేను రాసుకుంటే అది ఆధారం కాకుండా పోతుందా?

పాత దస్త్రం:

భార్యల పేర్లు వేస్తున్నాము. నిజానికి అవి ఏ రిజిస్టరులోనూ లేవు, పెద్దమ్మలు, మేనత్తలు చెబితే రాసుకున్నవే. ఆ పేర్లను నోటిమాట మీద తీసుకుంటూ అన్నదమ్ములను మాత్రం కాదంటున్నానని మా పెదనాన్నగారు కూడా వాదిస్తున్నారు. ఆ పేర్లు చెప్పినవారు ఆ స్త్రీలను చూసినవారు, లేదా చూసినవారి నోట విన్నవారు. నేను గీసే హద్దు అది.

రిజిస్టరు వెనుక భూమి లాభం ఉన్నదన్న మాటను కాదనలేను. కాబట్టి వృక్షంలో ప్రతి గీతకూ కింద వివరణ ఉంటుంది. ఫెయిర్ రిజిస్టరులోని బంధుత్వానికి, అది మాన్యం విచారణలో అనుభవదారు చెప్పినదని రాస్తాము. పెద్దమ్మల మాటకు, ఎవరు చెప్పారు, వారికి ఎవరు చెప్పారు, ఏ సంవత్సరంలో రాసుకున్నాము అన్నవి రాస్తాము. ముగ్గురు అన్నదమ్ముల కథను, చెప్పినవారి పేర్లతో సహా, పీఠికలో పూర్తిగా అచ్చు వేస్తాము. వృక్షంలోకి మాత్రం వారు రారు. మా పెదనాన్నగారు దీనికి ఒప్పుకోలేదు. డర్బన్ మనుమరాలు గారు అడిగినట్టు పల్నాటికి వెళ్లి మా ఇంటిపేరు వారిని వెదికే పనిని ఆయనే తీసుకున్నారు. మాచర్ల, కారంపూడి వైపు పాత కుటుంబాలతో పరిచయం ఉన్నవారు ఈ వేదికలో ఉంటే ఆయనకు తోడు రావలసిందిగా కోరుతున్నాను.