పరిసయ్యుడు చేసిన తప్పేంటి? నీతిగా బ్రతికితే గర్వం తప్పదా?

మట్టిఘటం:
అందరికీ వందనాలు. చాలా రోజులుగా నన్ను వదలని ప్రశ్న ఇది. లూకా 18లో యేసు చెప్పిన ఉపమానంలో ప్రార్థన చేయడానికి ఇద్దరు దేవాలయానికి వెళ్తారు. ఒకడు పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదుడు. ఇంకొకడు సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు. పరిసయ్యుడు దొంగ కాదు, వ్యభిచారి కాదు. వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటాడు, సంపాదన అంతటిలో దశమభాగం ఇస్తాడు. ఈ సుంకరిలా లేనందుకు దేవుడికి కృతజ్ఞతాస్తుతులు అంటాడు. సుంకరికి చెప్పుకోవడానికి ఒక్క మంచి పనీ లేదు. దూరంగా నిలబడి రొమ్ము కొట్టుకుంటూ, పాపినైన నన్ను కరుణించు అంటాడు. అయినా నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్ళింది సుంకరే. మరి "నీతిగా బ్రతకండి, లోకం నుంచి వేరుగా ఉండండి" అని మనం అంత పట్టుబడతామే, ఆ పట్టుదలే గర్వానికి విత్తనం వేస్తోందేమో! నేను చూసినంతలో, పద్ధతిగా బ్రతికేవాళ్ళ చూపే ఎక్కువ గుచ్చుకుంటుంది.

రెండోమైలు:
సిస్టర్, ప్రశ్నలోనే పొరపాటుంది. ఆ ఉపవాసాన్ని గానీ దశమభాగాన్ని గానీ ప్రభువు తప్పు పట్టలేదు. మత్తయి 23:23లో పుదీనాలో కూడా పదోవంతు లెక్కపెట్టి ఇచ్చేవాళ్ళతో ఆయన ఏమన్నాడు? న్యాయం, కనికరం, విశ్వాసం విడిచిపెట్టారన్నాడు గానీ పదోవంతు మానేయమనలేదు. వాటినీ మానకూడదన్నాడు. ఈ మధ్య ఎక్కడ విన్నా ఒకటే బోధ. "నేను పాపిని" అని కన్నీళ్ళు పెట్టుకుంటే చాలు, నడత మారకపోయినా పర్వాలేదు. ఎఫెసీ 2:8, 9 అందరికీ కంఠతా వచ్చు. పదో వచనం మాత్రం ఎవరూ చెప్పరు. సత్క్రియలు చేయడానికే మనం సృష్టించబడ్డామని ఉన్నది అక్కడే.

వెన్నెల:
పదో వచనం సంగతి నిజం అన్నా. ఆమెన్.

కావలి:
ఒక్క మాట గమనించండి. లూకా 18లో 11, 12 వచనాల్లో పరిసయ్యుడు "తనలోతాను" ప్రార్థించాడని ఉంది. మూలభాషలో ఆ మాటను "తన వైపుగా", "తన గురించి" అని కూడా అర్థం చేసుకోవచ్చు. దేవుణ్ణి పిలిచాడు గానీ ఆ ప్రార్థనలో ఆయన్ని ఏదీ అడగలేదు. సుంకరి కనికరం అడిగాడు. నా దృష్టిలో తేడా అంతా అక్కడే ఉంది.

రెండోమైలు:
కావలి బ్రదర్, నేను ఒప్పుకోను. "కృతజ్ఞతాస్తుతులు" అన్నాడు కదా! తన మంచితనానికి దేవుడే కారణమని చెప్పినట్టేగా? ఏమీ అడగకపోవడం పాపమైతే స్తుతి కీర్తనలు ఎన్నో పాపమవుతాయి.

కావలి:
స్తుతి కీర్తనల్లో కర్త దేవుడు. "నీవు చేశావు, నీవు విడిపించావు" అని ఉంటుంది. ఇక్కడ మొదట్లో ఒకసారి దేవుడి పేరు, ఆ తరువాత అంతా నేను, నేను, నేను. దావీదు కూడా తన నీతిని ప్రస్తావిస్తాడని మీరంటారు, తెలుసు. కానీ దావీదు పక్కవాడిని చూపించి స్తుతించలేదు. ఇంకో సంగతి. సుంకరి "దూరముగా" నిలుచున్నాడు. మరి పరిసయ్యుడు ఎక్కడ నిలుచున్నాడు? అంత దూరంలో ఉన్నవాడు ఇతని కంట ఎలా పడ్డాడు? ప్రార్థనలో ఉన్న మనిషి చుట్టూ చూస్తున్నాడన్నమాట.

చిన్నమంద:
9వ వచనం చదివితే చాలదా? ఈ ఉపమానం ఎవరికి చెప్పాడో అక్కడే ఉంది. తమ నీతిని నమ్ముకుని ఇతరులను తృణీకరించేవాళ్ళకి.

మట్టిఘటం:
చిన్నమంద గారూ, నేనూ అదే అంటున్నాను. నమ్ముకోవడం, తృణీకరించడం రెండూ కలిసే వస్తాయి. మంచి పనులు లెక్కపెట్టుకునేవాడు పక్కవాడి లెక్క చూడకుండా ఉండలేడు. 1 కొరింథీ 4:7లో పౌలు అడిగిన ప్రశ్న అందుకే. నీకున్నదంతా నువ్వు పొందిందే అయినప్పుడు ఎందుకు అతిశయిస్తావు?

రెండోమైలు:
అయితే గద్దించే ప్రతివాడూ గర్విష్ఠేనా? యూదా రాజు ఉజ్జియా సంగతి చూడండి. 16 ఏళ్ళకు రాజై 52 ఏళ్ళు ఏలాడు. బలపడ్డాక మనసు గర్వించింది. ధూపం వేయడానికి తనే మందిరంలోకి వెళ్ళాడు. అజర్యా, అతనితో పాటు 80 మంది యాజకులు రాజుకు ఎదురు నిలబడ్డారు. "ఇది నీ పని కాదు, బయటికి వెళ్ళు" అన్నారు. గర్వం ఎవరిది, ఆ 81 మందిదా? గద్దింపు వినలేక మండిపడ్డవాడిదా? చేతిలో ధూపార్తి ఉండగానే అతని నొసట కుష్ఠు పుట్టింది. సిస్టర్, తప్పుగా అనుకోవద్దు, మీ మాటల వెనక ఎవరో మిమ్మల్ని గద్దించిన బాధ కనబడుతోంది. గద్దింపు నచ్చకపోవడం కూడా గర్వమే.

మట్టిఘటం:
అవును, బాధ ఉంది. దాచను. నా భర్తతో నేను విడిగా ఉంటున్న రోజులవి. ఎందుకు విడిగా ఉంటున్నానో ఎవరూ నన్ను అడగలేదు. ఒక ఆదివారం ఆరాధన మధ్యలో ఒక పెద్దమనిషి నన్ను లేపి నిలబెట్టి, "ఇలాంటి సాక్ష్యం ఉన్నవాళ్ళు పాటల్లో ముందు నిలబడకూడదు" అన్నారు. మా అమ్మాయి నా పక్కనే ఉంది. మత్తయి 18:15లో ముందు ఒంటరిగా వెళ్ళి మాట్లాడమని ఉంది కదా? ఆ పెద్దమనిషి జీవితంలో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు, నేనే ఒప్పుకుంటాను. ఆ మచ్చలేని జీవితాన్నే నా మీదికి రాయిలా విసిరాడు. ఇప్పుడు మీరూ అదే చేశారు బ్రదర్. నన్ను తెలియకుండానే నాలో గర్వం కనిపెట్టేశారు.

వెన్నెల:
అక్కా, చదువుతుంటే కళ్ళు తడిశాయి. రెండోమైలు అన్నా, ఆ మాట మీరు అనకుండా ఉండాల్సింది.

రెండోమైలు:
తొందరపడ్డాను. మీ విషయం తెలియక అన్నాను, క్షమించండి. మీకు జరిగింది తప్పే. కానీ నా వైపు కూడా వినండి. మా సంఘంలో ఒక సహోదరుడు ఉన్నాడు. ఒకే సంఘం, ఒకే ప్రభువు బల్ల. ఆ సహోదరుణ్ణి నమ్మి నా పొదుపంతా అతని చేతిలో పెట్టాను. పోయింది. వ్యాపారంలో నష్టం వస్తే నేనేమీ అనేవాణ్ణి కాదు, అతను వాడుకున్నాడు. తరువాత సాక్ష్యం చెప్పాడు. అందరి ముందు ఏడ్చాడు, రొమ్ము కొట్టుకున్నాడు, "నేను ఆ సుంకరిని" అన్నాడు. అందరూ హత్తుకున్నారు. నేను వెళ్ళి డబ్బు సంగతి ఎత్తితే, "అన్నా, మీలో పరిసయ్యుడి ఆత్మ ఉంది" అన్నారు. అప్పటి నుంచి ఈ ఉపమానం ఎవరు చదివినా నా కడుపు రగులుతుంది.

మట్టిఘటం:
అన్నా, ఇది మొదటే చెప్పుంటే మనం ఇంత దూరం వాదించుకునేవాళ్ళం కాదు.

రెండోమైలు:
వాదించుకునేవాళ్ళమే. సుంకరి ఇంటికి వెళ్ళాక మర్నాడు పొద్దున ఏం చేశాడు? లూకా రాయలేదు. దాంతో ఎవరికి కావలసింది వాళ్ళు రాసుకుంటున్నారు. తరువాతి అధ్యాయంలోనే ఇంకో సుంకరి ఉన్నాడు, జక్కయ్య. సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. సంఖ్యాకాండం 5:7లో కూడా తప్పు ఒప్పుకోవడంతో ఆగలేదు. సొమ్ము తిరిగిచ్చి, పైన ఐదోవంతు కలపాలి. ఇచ్చేది ఇవ్వకుండా కార్చే కన్నీళ్ళు దీనత్వం కాదు.

కావలి:
జక్కయ్య ఆ మాట అన్నది యేసు తన ఇంటికి వచ్చాక. ముందు కృప, తరువాత నాలుగంతలు. వరస ముఖ్యం.

రెండోమైలు:
వరస ఒప్పుకుంటాను. రెండోది రావాలిగా మరి!

మట్టిఘటం:
నా అభ్యంతరం ఇక్కడే. రెండోది రావాలి, నిజమే. కానీ వచ్చిందో లేదో కొలిచేది ఎవరు? నాలుగంతలు ఇస్తానన్నది జక్కయ్య నోటితోనే. జనం సణిగారు గానీ వాళ్ళెవరూ లెక్క కట్టలేదు. ఇంకొకరి మారుమనస్సుకి మనం తూనిక పట్టుకుని కూర్చున్నామంటే, న్యాయం మన వైపే ఉన్నా సరే, మెల్లగా ఆ పరిసయ్యుడు నిలుచున్న చోటికే వెళ్తాం.

రెండోమైలు:
నష్టపోయినవాడు అడగకూడదా? అడిగితే గర్వమా? మిమ్మల్ని నిలబెట్టిన ఆ పెద్దమనిషి రేపు మీ గుమ్మంలోకి వచ్చి ఏడిస్తే మీరేమీ అడగరా?

మట్టిఘటం:
చాలాసేపు ఆలోచించి రాస్తున్నాను. అడుగుతాను. అందరి ముందు అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోమంటాను. మా అమ్మాయి వినాలి. అడగడం తప్పన్నది నేను వెనక్కి తీసుకుంటున్నాను అన్నా. కానీ ఆయన చేయకపోతే? అప్పుడు నా మనసు ఎటు వెళ్తుందో, అదే నాకు భయం.

చిన్నమంద:
మత్తయి 5:23, 24 కూడా గుర్తొస్తోంది. అర్పణ బలిపీఠం దగ్గర వదిలి, ముందు వెళ్ళి సమాధానపడమన్నాడు. అక్కడ లేచి వెళ్ళాల్సింది ఎవరి మీద విరోధం ఉందో వాడే. నష్టపోయినవాడు కాదు.

రెండోమైలు:
ఆ వచనం నాకూ తెలుసు. అతను వస్తాడని ప్రతి ఆదివారం చూస్తాను. రాడు. అతను కూర్చున్న వరసలో నేను కూర్చోను, అతను ప్రార్థన చేస్తే ఆమెన్ అనలేను. నేను అబద్ధమాడను, ఎవరి సొమ్మూ ముట్టను, ఉపవాసం తప్పను. అతన్ని చూసినప్పుడల్లా "నేను నీలాంటివాణ్ణి కాదు" అనే మాటే లోపల తిరుగుతుంది. కావలి బ్రదర్, మీరు చెప్పిన ఆ "తనలోతాను" అనేది నాకు ఇప్పుడు తగిలింది.

వెన్నెల:
ఎన్నాళ్ళైంది అన్నా?

రెండోమైలు:
ఆరేళ్ళు.