మొయినాబాద్ మీదుగా 400 బండ్ల ర్యాలీ: పోలీసు పర్మిషన్ చాలా, ఊరిని కూడా అడగాలా?

అప్పా జంక్షన్:
వచ్చే నెల ఒక శని, ఆదివారాలు హైదరాబాద్ దగ్గర మొయినాబాద్ దాటాక ఒక ఫామ్‌హౌస్ మైదానంలో ఒక బైక్ క్లబ్బు వాళ్ళు ర్యాలీ పెట్టాలని అనుకుంటున్నారు. బండ్లు 400. రాత్రి అక్కడే మకాం. ఆదివారం పొద్దున 5కి అందరూ కలిసి చేవెళ్ళ మీదుగా అనంతగిరి దాకా రైడ్. చుట్టుపక్కల ఊళ్ళలో కొందరు వద్దంటున్నారు. పోలీసు పర్మిషన్ ఒక్కటి ఉంటే చాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

స్వీప్ రైడర్:
రోడ్డు జాతీయ రహదారి. మైదానం ప్రైవేటు. పర్మిషన్ ఇచ్చేది పోలీసులు. ఇంకెవరిని అడగాలి? భయమల్లా ట్రాఫిక్ గురించే అయితే లెక్క చెప్తాను. ఒకరు కుడి పక్క, తర్వాతివారు ఎడమ పక్క, బండికీ బండికీ ఒక సెకను ఎడం. 30 స్పీడులో అది 8 మీటర్ల పైచిలుకు. 400 బండ్లు ఒక కూడలి దాటడానికి ఏడు నిమిషాలు కూడా పట్టదు. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు కాబట్టి గచ్చిబౌలి వైపు వాళ్ళు సర్వీస్ రోడ్డు మీదుగా వచ్చి అప్పా జంక్షన్‌లో కలుస్తారు. ముందు దారి చూపే లీడ్ రైడర్, చివర ఎవరూ వెనకబడకుండా చూసే స్వీప్ రైడర్, మధ్యలో వరస చూసుకునే మార్షల్స్, వెనక మెకానిక్ వ్యాను. మా క్లబ్బును రౌడీ గుంపును చూసినట్టు చూడకండి.

పూలబండి:
ఆ ఏడు నిమిషాలు మా ట్రాలీ ఆటో ఎక్కడ ఆగాలి? బంతి, చామంతి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తెల్లారేసరికి చేరాలె. ఆలస్యమైతే దొరికిన రేటుకు ఇచ్చుకోవుడే.

కోళ్ళషెడ్డు:
ట్రాఫిక్ సంగతి పక్కన పెట్టుండ్రి. పొద్దున 5 గంటలకు అంటున్రు, ఆ టైముల ఊర్ల ఏం పని నడుస్తదో తెలుసా? బర్లను పిండుతరు. బర్రె బెదిరితే సేపదు. పొదుగుల పాలున్నా దిగయి. దూడను విడిచినా, దాణా పెట్టినా ఆ పూటకు సగం కూడా రావు. పిండకుండ వదిలిపెడితే పొదుగువాపు భయం. పాల క్యాను తీసుకపోయే బండి మీ రైడు కోసం ఆగదు.

కోళ్ళది ఇంకో కథ. బ్రాయిలర్లు చీకట్ల ఒక్కసారి సప్పుడు వింటే అన్నీ ఒక మూలకు ఉరుకుతయి, ఒకదాని మీద ఒకటి కుప్ప పడతయి. కింద ఉన్నవి ఊపిరాడక చస్తయి. పిల్లలప్పుడు అంత నష్టం ఉండదు. ముప్పై రోజులు దాటి బరువెక్కినంక, బ్యాచ్ అమ్మేముందు అయితే మునుగుడే.

స్వీప్ రైడర్:
షెడ్డు మూలలను జాలీతో గుండ్రంగా మూస్తే, మధ్యలో అడ్డాలు కట్టి చిన్న గదులు చేస్తే, రాత్రంతా ఒక సన్న బల్బు ఉంచితే కుప్ప పడవు. పిడుగు పడ్డా అదే సమస్య కదా. మా బండ్లన్నిటికీ స్టాక్ సైలెన్సర్లే, అంటే కంపెనీ బిగించినవే. 175 సీసీ దాటిన బైక్‌కు పరీక్షలో పరిమితి 80 డెసిబెల్స్, అదీ 7.5 మీటర్ల దూరంలో, ఫుల్ థ్రాటిల్ ఇచ్చినప్పుడు. మూడో గేరులో 30 మీద పోతుంటే అంత కూడా రాదు.

డెసిబెల్:
80 అన్నది ఒక్క బండికి పెట్టిన పరీక్ష. ఊరికి వర్తించేది వేరే: 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. అంటే మీ 5 గంటల స్టార్టుకు 45 లెక్క.

ఇంకోటి. ఒక్క బండి పోతే దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. బండ్లు బారులు తీరి పోతే 3 మాత్రమే తగ్గుతుంది. 7.5 మీటర్ల దగ్గర 80 ఇచ్చే బండి 60 మీటర్ల దగ్గర 62 వినిపిస్తుంది. అవే బండ్లు 8 మీటర్ల ఎడంతో వరసగా పోతే అదే ఇంటి దగ్గర 75 పైన ఉంటుంది. మీరన్నట్టు ఫుల్ థ్రాటిల్ కాదు కాబట్టి పది తీసేయండి. అయినా 65.

అందరివీ స్టాక్ అన్నది ఎవరు చూశారు? సైలెన్సర్ చివర మోత తగ్గించే డీబీ కిల్లర్ అనే చిన్న గొట్టం ఒక బోల్టుతో ఉంటుంది. అది పీకడం నిమిషాల పని. దూరం నుంచి చూస్తే తేడా తెలీదు, వెనక నుంచి టార్చి వేసి చూడాలి. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసిన బెండ్ పైపు ఇంకా ఘోరం. థ్రాటిల్ వదలగానే కాలని పెట్రోలు వేడి పైపులో అంటుకుని పేలుతుంది. కోళ్ళు బెదిరేది ఆ పేలుడుకే, ఒక్క తీరుగా వచ్చే మోతకు కాదు.

సింగిల్ సిలిండర్:
5కి ఇంజిన్ వార్మప్ అని అందరూ రేజ్ చేస్తారు చూడండి, అసలు గోల అది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి నిమిషం ఐడిల్ చాలు, తర్వాత నాలుగు కిలోమీటర్లు మెల్లగా నడిపితే ఆయిల్ అదే వేడెక్కుతుంది.

స్వీప్ రైడర్:
సరే, 6కి మారుస్తాం. ట్రాఫిక్ కోసం 20 బండ్ల చొప్పున బ్యాచ్‌లు, బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ నిమిషం ఎడం. ఆ సందులో పూలబండి, పాలబండి, 108 ఏదైనా దాటొచ్చు. సిగ్నల్ దగ్గర 40 సెకన్ల గ్రీన్ ఉంటే ఒక బ్యాచ్ హాయిగా దాటుతుంది, మార్షల్ అడ్డం నిలబడే పనే లేదు. ఎటూ ట్రాఫిక్ ఆపే అధికారం మార్షల్‌కు లేదు.

కోళ్ళషెడ్డు:
అంటే ఏడు నిమిషాల మోత కాస్తా 26 నిమిషాలు చేస్తిరి.

స్వీప్ రైడర్:
ఒక్కసారి పోతే ట్రాఫిక్ అంటారు, విడగొడితే మోత అంటారు. మీకు కావాల్సింది మేం రాకపోవడం. మీ షెడ్ల వాసన, ఈగలు ఆ రోడ్డున పోయేవాళ్ళందరూ ఏళ్ళ తరబడి భరించట్లేదా? ఎవరైనా వచ్చి మూసేయమన్నారా?

మర్రిచెట్టు:
మాటలు జాగ్రత్త భాయ్. ఆ షెడ్డు వాళ్ళ బతుకు.

కోళ్ళషెడ్డు:
వాసన మాట ఎత్తినవు కాబట్టి ఇప్పుడు చెప్త. మా ఊరి పిలగాడు పాత 350 బండికి మార్చిన సైలెన్సర్ బిగిస్తే చెకింగ్‌ల ఆపుతరు, బండి గుంజుకుంటరు. సెక్షన్ 190 అంటరు, పది వేల దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సు బంద్. నగరాలల్ల పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోలర్‌తోని తొక్కిస్తుంటరు, ఫొటోలు పేపర్లల్ల వస్తయి. అదే మోత ఇరవై లక్షల బండికెల్లి వస్తే ముందల పోలీసు జీపు, పక్కన కెమెరా. మా పిలగాండ్లు మోత చేస్తే నేరం, మీరు చేస్తే పండుగ. కిరాయి తీసుకునేటోడు సిటీల ఉంటడు. నీళ్ళ బాటిళ్ళు, పేపర్ ప్లేట్లు గాలికి మా చేన్లల్లకు వస్తయి, ప్లాస్టిక్ తిన్న బర్రెకు కడుపు ఉబ్బితే డాక్టర్‌ను పిలుసుడు మా ఖర్చు. ఊరును ఒక్క మాట అడిగినోడు లేడు. నా కోపం డెసిబెల్ మీద కాదు.

డెసిబెల్:
ఇది మొదటి పోస్టులోనే రావాల్సిన మాట. అమెరికాలో స్టర్జిస్ అని ఏడు వేల జనాభా ఉన్న ఊరుంది. 1938 నుంచి అక్కడ ఆగస్టులో ర్యాలీ జరుగుతోంది, 2015లో ఏడు లక్షల మందికి పైగా వచ్చారు. దుకాణం పెట్టేవాడు నగరపాలక సంస్థకు డబ్బు కట్టి తాత్కాలిక లైసెన్సు తీసుకోవాలి. ఊరికి నేరుగా ఆదాయం. అక్కడ కూడా 2020లో కోవిడ్ వేళ ఊరివాళ్ళను సర్వే చేస్తే 60 శాతానికి పైగా వాయిదా వేయమన్నారు, అయినా ర్యాలీ జరిగింది. అడిగితే చాలదు, వచ్చిన జవాబుకు విలువ ఉండాలి.

స్వీప్ రైడర్:
వాసన మాట వెనక్కి తీసుకుంటున్నాను, అనకూడనిది. సైలెన్సర్ విషయంలో మీరన్న తేడా నిజమే. గేటు దగ్గర ప్రతి బండికీ టార్చి చెక్ పెడతాం. డీబీ కిల్లర్ లేకపోతే ఎంత ఖరీదు బండైనా లోపలికి రాదు. పంచాయతీకి ఎంత కట్టమంటారో చెప్పండి, రసీదు తీసుకుని కడతాం.

కోళ్ళషెడ్డు:
పైసలు తర్వాత. మొదలు గ్రామసభకు రా. ఏ ఊర్ల ఏ షెడ్డుల బ్యాచ్ ఎన్ని రోజులదున్నదో అక్కడనే తెలుస్తది, దాన్ని బట్టి తారీఖు పెట్టుకో. పాలు పోసి వచ్చినంక, ఏడింటికి బయలెల్లుండ్రి. ఊరు దాటేదాంక హారన్ కొట్టొద్దు, రేజ్ చెయ్యొద్దు. చెత్త ఏరెతందుకు మీ మనుషులే సోమవారం దాంక ఉండాలె. సభల వద్దంటే వద్దే, మళ్ళ పోలీసు కాయితం చూపెట్టొద్దు.

స్వీప్ రైడర్:
సభకు వస్తాను. వద్దంటే మానుకుంటానని మాత్రం ఇప్పుడే మాటివ్వలేను, అది మా క్లబ్బులో అందరూ కూర్చుని తేల్చాలి.

కోళ్ళషెడ్డు:
అయితే ముందు అది తేల్చుకొని రా.

పూలబండి:
ఏడింటికి అంటున్రు, ఆదివారం చిలుకూరుకు పోయే కార్లన్నీ అప్పుడే మొదలైతయి. ఆ మలుపు కాడ ఎవరు చూస్తరు?