అప్‌డేట్: బొంత బ్లాకుల మధ్య పట్టీలకి ముదురు నీలమే వేశాను

అమ్మ పాత పోచంపల్లి చీరలతో కుట్టిన 20 బ్లాకుల (ముక్కలు కలిపి కుట్టిన బొంత భాగాలు) మధ్య పట్టీలకి తెలుపు బాగుంటుందా, నలుపా అని పోయిన నెల అడిగాను కదా. రెండూ కాదు, ముదురు నీలం మంగళగిరి కాటన్ వేశాను. మీలో ఒకరు చెప్పినట్టే గుడ్డలు నేల మీద పరిచి, బ్లాకులు వాటి మీద పెట్టి లేత, ముదురు తేడా తెలియడానికి ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీశాను. తెలుపులో పసుపు బ్లాకులు కలిసిపోయాయి. నీలం మీద మాత్రం ప్రతి బ్లాకూ దేనికదే తేలింది, చిలకాకుపచ్చతో సహా!

పట్టీ 2.5 అంగుళాలు కత్తిరిస్తే కుట్టాక 2 అంగుళాలు వచ్చింది. రంగు దిగుతుందేమోనని టెన్షన్‌తో ముందే మూడుసార్లు ఉతికాను. మూడోసారికి నీళ్లు తేటగా ఉన్నాయి. చుట్టూ బోర్డర్‌కీ అదే నీలం. దాని పొడవు బొంత మధ్యలో కొలిచి కత్తిరించాను, అంచులు అలలు తిరగలేదు.

అందరికీ చాలా థాంక్స్. ఇక అడుగు గుడ్డ వేయాలి.