బావి పేరున చందా అడగాలా, నీటి పేరున అడగాలా?

నీటిచెలమ (చర్చ ప్రారంభం):

సభ్యులందరికీ నమస్కారం. స్వచ్ఛమైన తాగునీటి కోసం విరాళాలు పోగుచేసే పద్ధతుల్లో గత పాతికేళ్లలో ఎంతో కొత్తదనం వచ్చింది. పుట్టినరోజు కానుకలకు బదులు చందా ఇవ్వమని కోరడం, నీళ్ల డబ్బాలు మోస్తూ గుంపుగా నడవడం వంటివి ఇప్పుడు అందరికీ పరిచయమే. 2007లో న్యూయార్క్ హోటళ్లలో యునిసెఫ్ మొదలుపెట్టిన ప్రచారంలో, ఎప్పుడూ ఉచితంగా ఇచ్చే కుళాయి నీళ్లకే ఒక డాలరు ఇవ్వమని అడిగారు. వీటిని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. నా అభ్యంతరమల్లా ఒక్కటే. ఇలాంటి ప్రచారాల్లో చాలావరకు "ఇంత ఇవ్వండి, ఒక బావి తవ్విస్తాం" అని అడుగుతాయి. అలా అడగడం మానుకొని, "ఇంతమందికి ఇన్నేళ్లపాటు నీళ్లు అందాలంటే ఇంత కావాలి" అని అడగాలన్నది నా వాదన.

ఇది పుస్తకాలు చదివి చెబుతున్న మాట కాదు. కొన్నేళ్ల క్రితం మా మిత్రబృందంలో ఒకే నెలలో పుట్టినవాళ్లం కానుకలు వద్దనుకొని, వచ్చిన సొమ్మంతా కలిపి ఒక చేతిపంపు బావి కోసం ఒక సంస్థకు పంపాం. కొన్ని నెలలకు ఫోటో వచ్చింది. కొత్త సిమెంటు గట్టు, దాని మీద మా బృందం పేరు, పంపు మూతి కింద దోసిళ్లు పట్టిన పిల్లలు. ఆ ఫోటోను ఎంతమందికి చూపించామో లెక్కలేదు. నాలుగో ఏట ఆ పంపు ఎలా ఉందని ఉత్తరం రాస్తే, అది పాడై చాలా నెలలైందని, మరమ్మతుకు తమ దగ్గర పద్దు లేదని, చందా మొత్తం తవ్వకానికే వాడతామని దాతలకు మాట ఇచ్చినందువల్ల ఆ మాటనే నిలబెట్టుకున్నామని జవాబు వచ్చింది. వాళ్లు అబద్ధమాడలేదు. మేము బావి అడిగాం, వాళ్లు బావి ఇచ్చారు. నీళ్ల సంగతి మాలో ఎవరమూ అడగలేదు.

నడకబృందం:

నీటిచెలమ గారూ, మీ బాధ నాకు అర్థమైంది. అయినా మీ వాదనతో ఏకీభవించలేకపోతున్నాను. మనిషి చెయ్యి జేబులోకి వెళ్లేది కళ్లకు కట్టే వస్తువు కోసమే గానీ పద్దుల పట్టిక కోసం కాదు.

1998లో కెనడాలో రయాన్ హ్రెల్జాక్ అనే ఆరేళ్ల పిల్లవాడు, 70 డాలర్లుంటే ఒక బావి తవ్వించవచ్చని బడిలో విని, ఇంటి పనులు చేస్తూ నాలుగు నెలల పాటు ఆ సొమ్ము కూడబెట్టాడు. తీరా తీసుకెళ్లి ఇస్తే, దానితో చేతిపంపు మాత్రమే వస్తుందని, బోరు వేయాలంటే 2000 డాలర్ల దాకా అవుతుందని తెలిసింది. వాడు వెనక్కి తగ్గలేదు. మరిన్ని పనులు చేశాడు, చుట్టుపక్కల పెద్దలు తోడయ్యారు, 1999లో ఉత్తర ఉగాండాలోని అంగోలో ప్రాథమిక పాఠశాల దగ్గర నీళ్లు పడ్డాయి. 2001లో అతని పేరుతో ఒక ఫౌండేషనే ఏర్పడింది. ఆ తరగతి గదిలో ఆనాడు ఎవరైనా పదేళ్ల నిర్వహణ ఖర్చు గురించి చెప్పి ఉంటే ఆ పిల్లవాడు లేచేవాడా?

2011లో అమెరికాలో తొమ్మిదో పుట్టినరోజుకు కానుకలు వద్దని, తలా తొమ్మిది డాలర్లు నీటికి ఇవ్వమని అడిగిన ఒక చిన్నారి 300 డాలర్లు అనుకుంటే 220 వచ్చాయి. కొద్ది వారాలకే ఆ పాప రోడ్డు ప్రమాదంలో చనిపోయింది. ఆ తర్వాత ముక్కూమొహం తెలియనివాళ్లు ఆమె ప్రచారానికి పంపిన సొమ్ము 12 లక్షల డాలర్లు దాటింది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

మా బృందం ఏటా ఆరు కిలోమీటర్ల నడక నిర్వహిస్తుంది. నీళ్ల కోసం ఎందరో స్త్రీలు, పిల్లలు రోజూ నడిచే దూరానికి గుర్తుగా చాలా సంస్థలు ఆ కొలతనే పెట్టుకున్నాయి. మేము తిరుగు దారిలో ప్రతి ఒక్కరి చేతికీ ఇరవై లీటర్ల డబ్బా నింపి ఇస్తాం. ఇరవై లీటర్లంటే ఇరవై కిలోలు. మొదటి అరకిలోమీటరు కబుర్లు సాగుతాయి. తర్వాత మాటలు ఆగి, చేయి మార్చుకోవడం మొదలవుతుంది. కిలోమీటరు దాటేసరికి డబ్బా పిడి వేళ్ల మొదళ్లలో ఎర్రటి గాడి చేస్తుంది, మూత సందులోంచి తొణికిన నీళ్లతో చెప్పులు తడిసి కాలు జారుతుంది. ఆ గాడి చూసుకున్నవారిలో చందా ఇవ్వకుండా ఇంటికి వెళ్లినవారిని నేను చూడలేదు. ఆ సమయంలో వారికి చెప్పాల్సింది ఒక్క చిన్న మాట. "ఈ నడక తప్పించే బావి కోసం ఇవ్వండి." ఆ మాటను పెద్దది చేస్తే దాని బలం పోతుంది.

పంపుపని:

నేను చేతిపంపులు విప్పి బిగించే పని చాలాకాలం చేశాను, కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచి చెబుతాను.

పంపు చచ్చిపోయేది చాలాసార్లు చిన్న వస్తువు వల్లే. సిలిండరులో పిస్టనుకు తొడిగే గిన్నెలాంటి వాషరు అరిగిపోతుంది. మొదట్లో నాలుగు దెబ్బలకు వచ్చే నీళ్లు పదిహేను, ఇరవై దెబ్బలకు గానీ రావు. తర్వాత పిడి తేలికైపోతుంది, ఎంత కొట్టినా గాలి తప్ప ఏమీ ఉండదు. వాషరు అరచేతిలో పట్టేంత వస్తువే, ధర కూడా పెద్దదేమీ కాదు. కానీ అది ఉండేది భూమిలో ముప్పై మీటర్ల లోతున. ఇండియా మార్క్ 2 రకం పంపయితే తల విప్పి, మూడేసి మీటర్ల ఇనుప పైపులను నీళ్ల బరువుతో సహా ఒక్కొక్కటే పైకి లాగి, క్లాంపు బిగించి, మర విప్పి పక్కన పెట్టాలి. అలా పది పైపులు. ఒక్కరి వల్ల కాదు, పనిముట్లు లేకుండా అసలే కాదు. ఆఫ్రిడెవ్ రకంలో పైపులు కదపకుండానే పిస్టను పైకి లాగవచ్చు. ఊరివాళ్లే చేసుకోగలగాలన్న ఉద్దేశంతోనే దానిని అలా తయారుచేశారు. అయినా విడిభాగం దొరికే చోటు, దానికి డబ్బు, చేసే మనిషి, ఈ మూడింటిలో ఏది లేకపోయినా పంపు అలాగే పడి ఉంటుంది.

2009లో రూరల్ వాటర్ సప్లై నెట్‌వర్క్ అనే గ్రామీణ నీటి సరఫరా నిపుణుల వేదిక ఆఫ్రికాలో సహారాకు దక్షిణాన ఉన్న 20 దేశాల లెక్కలు ఒకచోట చేర్చినప్పుడు, చేతిపంపుల్లో సుమారు 36 శాతం పనిచేయడం లేదని తేలింది. వాటిలో ప్రతి ఒక్కటీ ఎవరో ఒకరి ప్రారంభోత్సవపు ఫోటోలో ఉండే ఉంటుంది.

నీళ్లు వస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. బంగ్లాదేశ్‌లో చెరువు నీళ్ల వల్ల వచ్చే అతిసారం నుంచి జనాన్ని కాపాడాలని 1970ల నుంచి లక్షల సంఖ్యలో గొట్టపు బావులు వేశారు. 1993లో ఆ నీళ్లలో ఆర్సెనిక్ ఉందని బయటపడింది. మంచి మనసుతో, మంచి పంపుతో, ఏళ్ల తరబడి విషం తాగించినట్టయింది. పరీక్ష కూడా ఖర్చే, అదీ ఒక్కసారి చేసి వదిలేసే ఖర్చు కాదు. "బావికి ఇవ్వండి" అన్న చిన్న మాటలో ఇది ఎక్కడ ఇముడుతుందో నడకబృందం వారే చెప్పాలి.

లెక్కలపుస్తకం:

సృజనాత్మకత గురించి ఒక హెచ్చరిక చేయాలనిపిస్తోంది. అడిగే తీరులో ఉండాల్సిన కొత్తదనం యంత్రంలోకి దూరితే ఏమవుతుందో ప్లేపంపు కథ చెబుతుంది. పిల్లలు రంగులరాట్నం తిప్పుతుంటే నీళ్లు పైకి వస్తాయన్న ఆ ఊహకు దాతలు ముగ్ధులయ్యారు. 2006లో ఒక్క వేదిక మీదే దానికి 1 కోటి 64 లక్షల డాలర్ల హామీ లభించింది. 2010 నాటికి 4000 పంపులు పెట్టాలన్నది లక్ష్యం. ఒక్కోదానికి 14000 డాలర్ల దాకా అయ్యేది, మామూలు చేతిపంపుకు అది దాదాపు నాలుగు రెట్లు. లక్ష్యంగా పెట్టుకున్నంత మందికి నీళ్లు అందాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని 2009లో గార్డియన్ పత్రిక లెక్కగట్టింది. పిల్లలు ఆడనప్పుడు ఆ చక్రాన్ని వంగి తిప్పింది పంపు పెట్టిన ఊళ్ల స్త్రీలే. ఆ ఊహ దాతల కంటికి నచ్చింది, నీళ్లు తోడుకునేవారిని ఎవరూ అడగలేదు.

"నూటికి నూరు శాతం బావికే" అన్న వాగ్దానం కూడా నాకు ఇలాంటిదే అనిపిస్తుంది. 2006లో స్కాట్ హారిసన్ న్యూయార్క్‌లో మొదలుపెట్టిన చారిటీ వాటర్ సంస్థ, ప్రజల చందా మొత్తాన్ని నీటి పథకాలకే ఇచ్చి, కార్యాలయ ఖర్చులను వేరే దాతల నుంచి తెచ్చుకుంటుంది. ఆ సంస్థకు అది సాధ్యమైంది, నిజాయితీగానే చేస్తోంది. అయితే దానిని చూసి అలాంటి వేరే దాతలు లేని చిన్న బృందాలు కూడా అదే మాట ఇస్తున్నాయి. దాంతో మనిషిని పంపడం, నీటిని పరీక్షించడం, విడిభాగాలు నిల్వ ఉంచడం అన్నీ దుబారాగా కనిపించే పరిస్థితి వచ్చింది. నీటిచెలమ గారికి వచ్చిన ఉత్తరం దాని ఫలితమే.

హక్కుగా నీరు:

నాది చిన్న మాట. 2010 జులై 28న ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ సురక్షిత తాగునీటిని మానవ హక్కుగా గుర్తించింది. 2022 లెక్కల ప్రకారం సురక్షితంగా అందే తాగునీరు లేనివారు ప్రపంచంలో 220 కోట్ల మంది. పుట్టినరోజులతో ఈ సంఖ్య తరగదు. చందాలు ప్రభుత్వాల బాధ్యతకు ప్రత్యామ్నాయం కాకూడదు. వేసే ప్రతి పంపునూ స్థానిక ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కించి అప్పగించే షరతు లేని ప్రచారానికి నేను చందా ఇవ్వను.

నడకబృందం:

పంపుపని గారి టపా రెండుసార్లు చదివాను. మా నడకలో ఇన్నేళ్లుగా వాషరు అన్న మాటే ఎవరి నోటా రాలేదని ఒప్పుకుంటున్నాను. ప్లేపంపు విషయంలోనూ వాదించను.

అయితే ఒక విషయంలో మాత్రం పట్టు విడవను. నిజం చెబితే దాతలు పారిపోతారని మనం ముందే అనుకుంటున్నాం, అది సరైన అంచనా కాదు. 2010లో చారిటీ వాటర్ మధ్య ఆఫ్రికా గణతంత్ర దేశంలోని బయాకా అనే తెగవారి పల్లె ఒకదానిలో బోరు వేస్తే విఫలమైంది. ఆ వైఫల్యాన్నే వీడియో తీసి దాతలకు పంపారు. ఆ సంస్థ మూతపడలేదు. సరికదా, 2012లో పంపులు పనిచేస్తున్నాయో లేదో దూరం నుంచే తెలిపే 4000 పరికరాలు అమర్చడానికి గూగుల్ నుంచి 50 లక్షల డాలర్లు తెచ్చుకుంది. ఇక 2025 ఆగస్టులో మిస్టర్ బీస్ట్, మార్క్ రోబర్ అనే యూట్యూబర్లు వాటర్‌ఎయిడ్ అనే తాగునీటి సంస్థ కోసం నడిపిన ప్రచారంలో అడిగింది బావి కాదు. ఒక డాలరు అంటే ఒక మనిషికి ఒక ఏడాది నీళ్లు అని చెప్పారు. ఒక్క నెలలో 4 కోట్ల డాలర్ల లక్ష్యం దాటింది. ఆ లెక్క ఎంత ఖచ్చితమో ఇంజనీర్లు తేల్చాలి. కానీ చిన్న మాటలో కాలాన్ని కూడా ఇమడ్చవచ్చని దాన్నిబట్టి తెలుస్తోంది. నీటిచెలమ గారి వాదనకు ఇది నా వైపు నుంచి అందుతున్న సాక్ష్యం. మొదటి టపాలో నేను కాదన్నది ఇదేనని గుర్తుంది.

నీటిచెలమ:

నడకబృందం వారికి కృతజ్ఞతలు. రయాన్ కథలో నాకు ఎప్పుడూ నచ్చేది 70 డాలర్లు కాదు, 2000 అని చెప్పినప్పుడు ఆ పిల్లవాడు వెనుదిరగకపోవడం. అసలు ఖర్చు విని కూడా ఆరేళ్లవాడు నిలబడగలిగినప్పుడు పెద్దవాళ్లు నిలబడలేరా?

కెన్యాలోని క్యూసో ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చేతిపంపు పిడిలో చిన్న పరికరం అమర్చి, పిడి కదలికలు ఫోన్ సందేశాలుగా వచ్చేలా చేశారు. కదలిక ఆగితే మరమ్మతు మనిషి బయలుదేరేవాడు. అంతకుముందు సగటున నెల దాకా పట్టే మరమ్మతు మూడు రోజుల లోపే జరిగింది. ఆ అనుభవంతో పుట్టిన ఫండిఫిక్స్ అనే వ్యవస్థలో వాడుకునేవారు కొంత కడతారు, తక్కువపడింది ఒక నిధి నుంచి వస్తుంది. మనలాంటి బృందాల చందా వెళ్లాల్సింది అలాంటి నిధికే. హక్కుగా నీరు గారి షరతుతోనూ అది పొసగుతుంది, ఎందుకంటే పంపు ప్రభుత్వ రికార్డుల్లోనే ఉండవచ్చు, అక్కడ మనం కట్టేది పంపుకు కాదు, పంపు పనిచేసిన రోజులకు.

మా తదుపరి ప్రచార పత్రాన్ని ఇలా మార్చి రాశాను, లోపాలుంటే చెప్పండి. "ఈ పుట్టినరోజుకు ఇప్పటికే ఉన్న పంపు ఒకటి వచ్చే ఐదేళ్లు ఆగకుండా నడిచేందుకు ఇవ్వండి. అందులో మరమ్మతు, విడిభాగాలు, ఏటేటా నీటి పరీక్ష, ఆ పని చేసేవారి జీతం కలిసి ఉన్నాయి. పంపు ఎన్ని రోజులు పనిచేసిందో, ఎన్ని రోజులు ఆగిందో ప్రతి పుట్టినరోజుకూ మీకు రాస్తాం." ఫోటోగా విప్పిన పంపు పక్కన కొత్త వాషరునూ అరిగిన వాషరునూ చూపించాలనుకుంటున్నాం.

నడకబృందం:

పత్రం బాగుంది. "ఆగిన రోజులు" అన్న మాటను మాత్రం తీసేయకండి, ఎవరు చెప్పినా సరే. ఈ ఏడు మా నడక చివర డబ్బా దించే చోట ఒక బల్ల వేసి, పంపు సిలిండరు విప్పి చూపించాలనుకుంటున్నాం. పంపుపని గారు అది ఎలా చేయాలో చెప్పగలరా?

పంపుపని:

తప్పకుండా చెబుతాను. పాత సిలిండరు ఒకటి సంపాదించండి, మిగతాది నేను రాసి పంపుతాను. నీటిచెలమ గారికి కూడా ఒక మాట. గట్టు మీద ఈసారి బృందం పేరు వద్దు. మరమ్మతు చేసేవారి ఫోన్ నంబరు రాయించండి, పిడి కొట్టే మనిషికి ఎదురుగా, పెద్ద అంకెల్లో. ఎండకు రంగు రెండేళ్లలో మాసిపోతుంది కాబట్టి మళ్లీ రాయించే ఖర్చు కూడా ఆ ఐదేళ్ల లెక్కలో కలపండి.