పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉన్నవాళ్లు ఎలక్ట్రిక్ సైకిల్ తొక్కొచ్చా?

నమస్తే అండి. నాకు 61, పార్కిన్సన్స్ అని తేలి నాలుగేళ్లయింది. సొంతూరు మదనపల్లె, ఉండేది బెంగళూరు జేపీ నగర్‌లో. బాత్రూమ్ గడప దగ్గర కాళ్లు నేలకి అతుక్కుపోతాయి, మా ఆవిడ పక్కన నిలబడి "ఒకటి, రెండు" అంటే గానీ అడుగు పడదు. అలాంటిది మొన్న మనవడి సైకిలెక్కి వీధి చివరి దాకా తొక్కేశాను! ఎత్తు ఎక్కాలంటే మాత్రం ఆయాసం, అందుకే ఎలక్ట్రిక్‌ది కొందామని. షాపువాడు యాక్సిలరేటర్ ఉన్నది చూపించి తొక్కే పనే లేదన్నాడు. నాకు వణుకు కుడిచేతికే. ఇంట్లో ఒకటే గొడవ. ఎవరైనా వాడుతున్నారా?

జవాబు 1
అంకుల్, మా నాన్నదీ ఇదే కథ. నడవలేనివాళ్లు సైకిల్ తొక్కగలగడం కొత్తేం కాదు, 2010లో నెదర్లాండ్స్ డాక్టర్లు 58 ఏళ్ల ఆయన గురించి న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. నాలుగడుగులు వేయడానికే అవస్థపడే మనిషి సైకిలిస్తే దర్జాగా తొక్కాడట. యాక్సిలరేటర్‌ది మాత్రం వద్దు. చెయ్యి వణికితే బండి ఉలిక్కిపడుతుంది. పెడల్ మీద ఎంత బలం పెడితే మోటారు అంత సాయం చేసే రకం, టార్క్ సెన్సర్ ఉన్నది అడగండి, ధర ఎక్కువే.

జవాబు 2
నాకూ ఇదే జబ్బు, ఏడేళ్లుగా. తొక్కడం సమస్య కాదు సార్, ఆగడం! సౌత్ ఎండ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడింది, బ్రేకు వేశాను, కాలు దిగనంది. నరికిన అరటిచెట్టులా ఒరిగిపోతుంటే పక్క ఆటో ఆయన చెయ్యి అడ్డం పెట్టి "నిధాన సార్, నిధాన" అన్నాడు, నాకైతే దేవుడే కనిపించాడు. ఆ రోజు నుంచి సీటు బాగా దించేశాను, కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాలి. ఈ సైకిళ్లు ఇరవై కిలోలు దాటతాయి, ఒరిగితే ఆపలేం, అడ్డ కడ్డీ కిందికి ఉండేదే తీసుకోండి. మన జబ్బుకిచ్చే మందు లీవోడోపా పనిచేస్తున్న టైములోనే బయటికెళ్తాను, నాకది మాత్ర వేసుకున్న ముప్పావుగంటకి. పప్పు, గుడ్డు తిన్న వెంటనే వేసుకుంటే మందు సరిగ్గా ఎక్కదు, రోడ్డు మధ్యలో తెలుస్తుంది ఆ సంగతి. మూడు చక్రాలది కూడా చూడండి, సిగ్గుపడాల్సిందేం లేదు.

జవాబు 3
మోటారు 250 వాట్ల లోపు, వేగం 25 కిలోమీటర్లు దాటనిదైతే లైసెన్సు, రిజిస్ట్రేషన్ గొడవ లేదు. ముందు న్యూరాలజిస్టుకి చెప్పండి. లేవగానే కళ్లు తిరుగుతున్నా, బాగా తొక్కేవాళ్లకి ఉన్నట్టుండి సైకిల్ మీద బ్యాలెన్స్ పోయినా ఆ మాట తప్పకుండా చెప్పాలి, అది మామూలు పార్కిన్సన్స్ కాకపోవచ్చని వాళ్లు దాన్ని బట్టి కూడా చూస్తారు.

అడిగినాయన
థ్యాంక్సండీ అందరికీ. ఆటో సంగతి చదివి వినిపిస్తే మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు, తర్వాత మూడు చక్రాలదైతే సరే అంది. వెనక బుట్ట ఉండాలట, కూరగాయలకి.